కారణం లేని జవాబు

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక గురువారం పొద్దున్న నేను ప్రార్థన ముగించి లేస్తుండగా ఫోన్ మోగింది. పాలకొల్లు నుంచి, ఆవిడను కనిపెట్టుకుని ఉండే ఆయా. "అమ్మా, టీచరమ్మగారు లేవట్లేదండి. ఒళ్ళు చల్లగా ఉందండి," అంది. ఫోన్ పెట్టేశాను. తరవాత మళ్ళీ మోకాళ్ళూని ఇంకో ప్రార్థన చేసుకుని, రాజమండ్రిలో బస్సెక్కాను.

సమాధి అయిన మూడో రోజు ఆదరణ కూడిక పెట్టారు. మాట్లాడినవాళ్ళందరూ ఆవిడ సౌమ్యురాలన్నారు. శాంతమూర్తి అన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదన్నారు. ఒకాయన లేచి, "టీచరుగారి ముఖంలో చిరునవ్వు చెరగడం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు. ఈయన మా మేనత్తను ఎరుగునా అని నాకు అనుమానం వచ్చింది. ఎరక్కేం, పక్కింటాయనే. పోయినవాళ్ళ గురించి నోటికి ఏ మంచిమాట వస్తే ఆ మాట అనేయవచ్చని మనవాళ్ళకొక నమ్మకం. వినేవాళ్ళు తలలూపుతారు, తరవాత భోజనాలకి లేస్తారు. ఆవిడే ఆ బల్ల మీద కూర్చుని ఉంటే మొహం పక్కకి తిప్పేసేది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ సౌమ్యురాలు కాదు.

మా నాన్నకి అక్క ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పింది. రిటైరయ్యాక కాలవ పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకుని, ఆదివారం అనుబంధంలో వచ్చే గళ్ళ నుడికట్టు పట్టుకుంది. తొంభైల మొదట్లో సంగతి. అప్పుడు మా వైపు ఊరికి పదిమందైనా ఆ గళ్ళు నింపేవాళ్ళు. బస్టాండులో నింపేవాళ్ళు, బ్యాంకులో నింపేవాళ్ళు, చర్చిలో ప్రసంగం జరుగుతుండగా పాటల పుస్తకం చాటున నింపేవాళ్ళు. నింపడమంటే ఏమిటో వాళ్ళలో ఎవరికీ తెలియదని మా మేనత్త అభిప్రాయం. దాన్ని ఆవిడ ఎన్నడూ మార్చుకోలేదు.

ఆ నుడికట్టు తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. అందులో ఇచ్చే ఆధారం సూటిగా ఉండదు. "వెనక్కి తిరిగిన లక్ష్మి వడ్లు ఆడిస్తుంది" అని ఉంటుంది, పక్కన రెండు గళ్ళు. నేను మొదటిసారి చూసి, ఇదేదో దేవుడి కథ అనుకున్నాను.

"ఇందులో రెండు ముక్కలున్నాయే," అంది మా మేనత్త. "ఒక ముక్క పేరు చెబుతుంది. ఒక ముక్క పుట్టుక చెబుతుంది. విడదియ్యి."

"వడ్లు ఆడించేది మర."

"అది పేరు. పుట్టుక?"

నాకు తెలియలేదు. తెలియదని చెప్పాను.

"లక్ష్మికి ఇంకో పేరు రమ. వెనక్కి తిప్పు."

మర. పేరూ పుట్టుకా ఒకే చోటికి వచ్చాయి. ఆ రెండూ కలిసినచోట తప్ప ఎక్కడా పెన్సిలు పెట్టకూడదు. అదీ ఆవిడ పద్ధతి. మర అని ముందే తట్టినా సరే, రమ దొరికేదాకా గడి ఖాళీగానే ఉండాలి. "జవాబు వచ్చేసింది అనకు," అనేది. "చుట్టమా, వచ్చేయడానికి? నువ్వు వెళ్ళావా, లేదా?"

ఎవరైనా కారణం లేకుండా జవాబు చెబితే ఆవిడ ఏమీ అనేది కాదు. మొహం గోడవైపు తిప్పేది. అంతే. గోడ మీద ఏమీ ఉండేది కాదు, కేలెండరు కూడా. చెప్పినవాళ్ళు కారణం వెతుక్కునేదాకా, లేదా లేచి వెళ్ళిపోయేదాకా ఆవిడ ఆ ఖాళీ గోడనే చూసేది.

పక్కింటాయన రిటైరైన తహసీల్దారు. ఆయన ఆదివారం పేపరు దాచిపెట్టుకుని, మరుసటి వారం జవాబులు అచ్చయ్యాక, నింపిన గళ్ళు తీసుకొచ్చి చూపించేవాడు. అదీ పెన్నుతో. ఒకసారి నేను అక్కడే ఉన్నాను.

"అన్నీ పడిపోయాయండి టీచరుగారూ. ఒక్క కొట్టివేత లేదు చూడండి."

"ఎలా పడ్డాయండి?"

"ఎలాగంటే... కుదిరాయండి."

"జాకెట్టు కుదురుతుందండి. జవాబు కుదరడం ఏంటి? మూడు నిలువు చెప్పండి."

"అడ్డం అక్షరాలు వచ్చేశాక మిగిలింది అదే తెలిసిపోతుంది కదండీ."

మా మేనత్త మొహం గోడవైపు తిరిగింది. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆవిడ గోడతోనే, "అమ్మాయ్, ఆయనకి కాఫీ ఇయ్యి," అంది. ఆయన తాగి, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు. తనకి ఏం జరిగిందో కూడా తెలుసుకోలేనివాడి మీద కోపం రాదు. ఇన్నేళ్ళూ నాకు రాలేదు. ఆదరణ కూడికలో చిరునవ్వు గురించి చెప్పినాయన ఈయనే.

చర్చిలో కూడా అంతే. అయ్యగారి ప్రసంగంలో ఒక మాటకీ తరవాతి మాటకీ లంకె తెగితే, ముందు వరసలో కూర్చున్న ఆవిడ మొహం కిటికీ వైపు తిరిగేది. మేం సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టు ఉండేదాన్ని. కొన్నిసార్లు నిజంగానే చేసేదాన్ని. ఒకరోజు ఆరాధన అయ్యాక అయ్యగారు ఆవిడను ఆపి, "అమ్మగారూ, ఆ గళ్ళ కోసం మీరు లక్ష్మి పేర్లూ పార్వతి పేర్లూ వల్లె వేస్తున్నారట, విశ్వాసికి అవసరమా?" అని అడిగారు.

"ఎందుకు వద్దో చెప్పండి, మానేస్తాను," అంది మా మేనత్త.

ఆయన బైబిలు వాక్యం ఒకటి చెప్పారు. దానికీ దీనికీ సంబంధమేంటని ఆవిడ అడిగింది. ఆయన ఆలోచించి, "ఇంటికి వెళ్ళి చూసి చెబుతానండి," అన్నారు. ఆ ఒక్క మాటకి ఆవిడ ఆయన్ని చివరిదాకా గౌరవించింది. తెలియదన్నవాళ్ళ మీద ఆవిడ ఎప్పుడూ మొహం తిప్పలేదు. తప్పు చెప్పినవాళ్ళ మీద కూడా తిప్పలేదు, కారణంతో చెబితే. "తప్పుని దిద్దవచ్చే. కారణం లేనిదాన్ని ఎక్కడ పట్టుకుని దిద్దుతాం?" అనేది.

మా ఇంట్లో నేను పెద్దదాన్ని. తరవాత ఇద్దరు చెల్లెళ్ళు. ఆఖరివాడు తమ్ముడు. వాడు భీమవరంలో ఉంటాడు. వాణ్ణి చూసి గోడవైపు తిరిగినన్నిసార్లు ఆవిడ ఇంకెవరిని చూసీ తిరగలేదు. మా పొలం రొయ్యల చెరువు చేస్తానని వాడు చెప్పడానికి వచ్చినప్పుడు, "ఎందుకురా?" అని అడిగింది. "అందరూ తవ్వుతున్నారత్తా," అన్నాడు. మొహం తిరిగింది. వాడు పళ్ళు నూరుకుంటూ బస్సెక్కాడు. ఆ చెరువు తెల్లమచ్చ రోగానికి తుడిచిపెట్టుకుపోయాక మళ్ళీ వచ్చాడు.

"పోయింది అత్తా."

"ఎందుకు పోయింది?"

"పక్క చెరువులో రోగం ఉందని తెలిసీ అదే కాలవ నీళ్ళు పెట్టానత్తా. తీసుకోకూడదు."

ఆవిడ వాడి వైపే చూస్తూ పీట వేసి అన్నం పెట్టింది. చేపల పులుసు ఇంకో గరిటె వేసింది. వాడికి ఆ తేడా తెలిసిందని నేననుకోను. తరవాత రొయ్యల మేత వ్యాపారంలోకి దిగి నిలదొక్కుకున్నాడు. మాట పెద్దదైంది. చేతిలో సెల్‌ఫోన్ వచ్చింది.

ఆవిడకి పక్షవాతం వచ్చింది ఆ తరవాత కొన్నేళ్ళకి. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. డాక్టరు, "అర్థమవుతోందో లేదో ఇప్పుడే చెప్పలేమండి, మీరే కనిపెడుతూ ఉండండి," అన్నాడు. మంచి డాక్టరు. తెలియదని ఒప్పుకున్నాడు. మిగతావాళ్ళకి మాత్రం అన్నీ తెలిసిపోయాయి.

చూడ్డానికి వచ్చేవాళ్ళు బత్తాయిలు తెచ్చేవారు. మంచం దగ్గర వంగి, చెవిటివాళ్ళతో అరిచినట్టు అరిచేవారు. "నేనెవరు? చెప్పు, నేనెవరు?" పదేళ్ళుగా ఎదురింట్లో ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న అది. మాట పోయిన మనిషిని పట్టుకుని చెప్పు చెప్పు అనడం. మా మేనత్త మొహం గోడవైపు తిరిగేది. "అయ్యో, గుర్తుపట్టట్లేదు పాపం," అని వాళ్ళు పక్కగదిలోకి వచ్చి చెంగుతో కళ్ళొత్తుకునేవారు. తహసీల్దారుగారు ఒక అడుగు ముందుకేసి, "మెదడు పోయిందండీ. ఇది నేను మా బావమరిదిలో చూశాను," అని తేల్చేశారు. బత్తాయిలు ఆయా పిల్లలు తిన్నారు. ఆ రాకపోకల్లో ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ పిల్లలకే.

ఆ తేల్చిన మాట మా తమ్ముడు పట్టుకున్నాడు. ఏలూరు వైపు ఒక వృద్ధాశ్రమంలో మాట్లాడేశాడు. సోమవారం వ్యాను వస్తుందన్నాడు. ఒంట్లో బాగున్నప్పుడు ఆవిడ మా అందరి ముందూ ఒక్కటే అడిగింది, ఈ ఇంట్లోంచి నన్ను కదపకండి అని. అది వాడికీ గుర్తుంది.

"గుర్తు లేకేం అక్కా. కానీ తెలిసే మనిషికి కదా ఆ మాట. ఇప్పుడు ఆవిడకి ఎక్కడున్నా ఒకటే."

అంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. అది నిజమైతే నేనూ ఏమీ అనేదాన్ని కాదు. అబద్ధమైతే, అన్నీ తెలుస్తున్న మనిషిని, నోరు విప్పి వద్దనలేని మనిషిని, మూటగట్టి ఊరుకాని ఊళ్ళో దింపి వస్తాం. వాడు పరీక్ష పెట్టకుండానే ఫలితం చెబుతున్నాడు. అదే అన్నాను.

"పెడదాం అయితే," అన్నాడు. ఆ రోజు ఆదివారం. నేను చర్చి నుంచి వచ్చేసరికి వాడు మంచం పక్కన కుర్చీ వేసుకుని, పేపరు మడిచి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయా గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తా, తేలికైనదే అడుగుతున్నాను. విను. గోదావరి చివర పండేది. రెండు గళ్ళు. వరి. అవునా? అవునంటే ఒక్కసారి కళ్ళు మూసి తెరువు. వరి!"

ఆవిడ మొహం గోడవైపు తిరిగింది.

"అత్తా, వరి. వ, రి. మనం తినేది."

తిరిగినది తిరిగినట్టే ఉంది.

"చూశావా అక్కా?" అన్నాడు. వాడి గొంతులో బాధ లేదనను. కానీ గెలిచానన్న ధ్వని కూడా ఉంది. "గోదావరి జిల్లా మనిషికి వరి అంటే తెలియట్లేదు. ఇంకేం కావాలి నీకు?"

నేను అప్పుడు మొదటిసారి ఆ గోడని చూశాను. ఇన్నాళ్ళూ మంచం మీది మనిషిని చూస్తూ, వచ్చినవాళ్ళ మాటలు వింటూ, నేను కూడా సగం నమ్మేశాను. ఆవిడ కొత్తగా ఏం చేసిందని? ఒంట్లో బాగున్నప్పుడు ఏం చేసేదో అదే చేస్తోంది.

"కారణం చెప్పావురా?" అన్నాను.

"దేనికి?"

"వరి అన్నదానికి."

"కారణం ఏంటక్కా, నీకూ మతిపోయిందా? గోదావరి చివర వరి కాక జొన్నలు పండుతాయా?"

"అది కారణం కాదు. నువ్వు ఊహించావు."

వాడికి ఒళ్ళు మండింది. పేపరు మంచం మీద పడేశాడు. "సరే, కారణాలే మాట్లాడదాం. ఈ కాలంలో గోదావరి చివర వరి ఎక్కడుందక్కా? నరసాపురం వెళ్ళి చూడు. అంతా చెరువులే. పండేది రొయ్య. రొయ్యకీ రెండు గళ్ళే. రాసుకో, రొయ్య! మా కొట్లో మేత అమ్ముతున్నాను, నాకు తెలీదా?"

మంచం కిర్రుమంది. మా మేనత్త మొహం గోడవైపు నుంచి వెనక్కి తిరుగుతోంది. మెడ వణుకుతోంది. ఆగి ఆగి తిరిగి, వాడి మొహం మీదకి వచ్చి నిలబడింది. పడిపోని ఎడమ పెదవి చివర పైకి లేచింది. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. జబ్బు చేశాక మేం విన్న మొదటి చప్పుడు అదే.

వాడు కుర్చీలో వెనక్కి జరిగాడు. "ఏంటక్కా, నవ్వుతోందా?"

"వెక్కిరిస్తోంది."

"నన్నా?"

"ఇంకెవర్ని?"

గుమ్మంలోంచి ఆయా అంది, "నవ్వే అండి బాబుగారూ. పొద్దున్న నేను అట్టు మాడిస్తే కూడా ఇలాగే చూశారండి."

వాడు ఇంకా నమ్మలేదు. లేచి, ముందుకు వంగి, "అత్తా, వరి," అన్నాడు. మొహం గోడకి పోయింది. "రొయ్య. ఎందుకంటే అక్కడ పండేది అదే." మొహం వెనక్కి వచ్చింది. మూడోసారి వాడు అడగలేదు. నేనే పేపరు తీసుకుని చెప్పాను. "గోదావరి అన్న మాటకి చివరి రెండక్షరాలూ వరి. గోదావరి చివరి నేలలో పండేదీ వరే. పేరూ పుట్టుకా ఒకటే ముక్కలో ఉన్నాయి." మా మేనత్త కళ్ళు మూసుకుంది. నిద్రలోకి కాదు. మంచి ఆధారం విన్నప్పుడు ఆవిడకి అలా కాసేపు కళ్ళు మూసుకోవడం అలవాటు.

వాడు పెరట్లోకి వెళ్ళి ఫోన్ చేసి వ్యాను వద్దన్నాడు. లోపలికి వచ్చి, "సర్లే అక్కా. నువ్వు చూసుకుంటానంటే నాకేం అభ్యంతరం," అన్నాడు. తప్పు జరగబోయిందని ఒప్పుకోవడానికి మనుషులు ఎంచుకునే మాటలు ఇలాగే ఉంటాయి. ఆ రాత్రి వాడి కోసం ప్రార్థన చేశాను. అంతకన్నా వాడికి ఏం చెప్పినా వృథా.

ఆ తరవాత ఆవిడ రెండేళ్ళకి పైగా ఉంది, తన ఇంట్లోనే. నేను వారం విడిచి వారం వెళ్ళేదాన్ని. ఆధారం చదివి, ఆలోచించి, కారణంతో సహా చెప్పేదాన్ని. సరైతే కళ్ళు మూసుకునేది. తప్పైతే నా వైపే చూసేది, ఇంకా వెతుకు అన్నట్టు. తొందరపడితే గోడ. మాట్లాడే రోజుల్లో కన్నా ఆ రెండేళ్ళలోనే నేను ఎక్కువ నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రార్థనలో కూడా ఊరికే ఏదీ అడగను. ఎందుకు అడుగుతున్నానో నాకు తెలిశాకే అడుగుతాను. ఆవిడ వల్ల నాకు కలిగిన మేలు ఇది. దీనికి ఏ కూడికలోనూ ఎవరూ నా చేత సాక్ష్యం చెప్పించలేదు. అదీ మంచిదే.

తమ్ముడు కూడా వచ్చేవాడు. ఎప్పుడో ఒకసారి, బండి మీద, మేత బస్తాల వాసనతో. ఒక ఆధారం అడిగి తోచింది చెప్పేసేవాడు. మొహం తిరిగేది. అప్పుడు కూర్చుని గొణుక్కుంటూ కారణం వెతికేవాడు. దొరికిన కారణాలు చాలావరకు ఘోరంగా ఉండేవి. అయినా ఆవిడ తిరిగి వాడి వైపు చూసేది. ఎక్కువసార్లు ఆ పెదవితోనే.

తహసీల్దారుగారు మాత్రం మళ్ళీ రాలేదు. మెదడు పోయిన మనిషి మొహం తిప్పితే ఆయనకి ఏమీ అనిపించలేదు. మెదడు ఉన్న మనిషి అని తెలిశాక అనిపించినట్టుంది.

పోయిన శనివారం ఇల్లు సర్దడానికి వెళ్ళాం. మంచం బయట పెట్టించాం. అద్దెకి ఇచ్చేముందు సున్నం కొట్టిద్దామని తమ్ముడు ఒక మనిషిని పిలిచాడు. అతను బకెట్లో సున్నం కలిపి, గోడలు చూసుకుంటూ వచ్చి, మంచం ఉన్నచోట ఆగాడు. తలగడ ఎత్తులో గోడ మీద నూనె మరక. మధ్యలో ముదురుగా, అంచుల్లో పలచగా, అరచేతులు రెండూ కలిపి పెట్టినంత. ఆవిడ నుదురూ జుట్టూ ఆనినచోటు.

"దీని మీద సున్నం నిలబడదండి. గీకాలి," అన్నాడతను.

తమ్ముడు మరక ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఇందులో సగం నా వల్లే," అన్నాడు.

"సగం కాదు. ఎక్కువే."

వాడు తలూపాడు. ఆ మనిషి వైపు తిరిగి, "ఈ గోడ వదిలెయ్యండి. మిగతా మూడూ కొట్టండి," అన్నాడు.

"అదేంటండి? ఎందుకండి?" అన్నాడతను, మామూలుగా, కుంచె చేతిలో పట్టుకుని.

మా తమ్ముడు ఆలోచించాడు. తరవాత నేల మీద కూర్చుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మనిషి కుంచె బకెట్ అంచున ఆనించి వింటున్నాడు. గోదావరి చివర పండేది దగ్గరికి వచ్చేసరికి, బకెట్లో సున్నం అడుగుకి దిగిపోయి పైన నీళ్ళు తేటగా నిలిచాయి.